అక్స్ ఎవరిది?

యారాడ వెళ్ళాలంటే సింధియా దాటి కొండెక్కి దిగాలి. కొండమీద నేవీ ఉంది, డాల్ఫిన్స్ నోస్ ఉంది, లైట్‌హౌసు ఉంది. అటుకేసి కెమెరా ఎత్తితే ఎవరో ఒకరు వచ్చి పేరడుగుతారు. నా పేరు విన్నాక ఇంకో నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు. 2019 డిసెంబరులో నేవీ రహస్యాలు సోషల్ మీడియా ద్వారా బయటికి పోతున్నాయని ఏడుగురు నేవీ సిబ్బందిని అరెస్టు చేసిన ఆపరేషన్‌కి పోలీసులు పెట్టిన పేరు కూడా డాల్ఫిన్స్ నోసే. తర్వాత నేవీ తన స్థావరాల్లో స్మార్ట్ ఫోన్లనే నిషేధించింది. దేశ రక్షణ సంగతి, కాదనను.

కొండ దిగాక మాత్రం అడిగేవాడు లేడు. ఇసక, కొబ్బరి చెట్లు, తెప్పలు, వలలు, జాలర్ల ఇళ్ళు, సెలవు రోజుల్లో దిగే జనం. ఎవరైనా ఎవరినైనా ఫొటో తీసుకోవచ్చు. కొండరాళ్ళకి ఉన్న మర్యాద మనిషి మొహానికి లేదు. ఈ తేడా నాకు చాలా ఏళ్ళు తోచలేదు. ఎందుకంటే కెమెరా నా చేతిలో ఉంది.

2016 బక్రీద్ మర్నాడు మా ఇంటిల్లిపాదీ యారాడ వెళ్ళాం. అమ్మీకి అప్పటికి అరవై దాటాయి. వన్ టౌన్‌లో పుట్టి, వన్ టౌన్‌లోనే పెళ్ళై, రోజూ సముద్రం గాలి పీలుస్తూ బతికిన మనిషి ఆ రోజుదాకా నీళ్ళలో కాలు పెట్టలేదు. నల్ల బురఖా, మొహం మీద ముసుగు లేదు, ఎడం చేతిలో చెప్పులు. అల వచ్చి మోకాళ్ళదాకా తడిపేసరికి చిన్నపిల్లలా నవ్వింది. నేను ఫొటో తీశాను. ఇరవై ఏళ్ళ పత్రికా జీవితంలో నేను తీసిన మంచి ఫొటో ఏదంటే అదే చెబుతాను.

ఆ రాత్రే దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాను. ఊరికే పెట్టలేదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు మీద పెట్టాను. అంటే నా పేరు వేస్తే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు, కత్తిరించుకోవచ్చు, వ్యాపారానికి కూడా పనికొస్తుంది. దానికి నాదగ్గర పెద్ద కారణమే ఉంది. ముస్లిం అని కొట్టి వెతికితే నెట్ ఏం చూపిస్తుందో మీకు తెలుసు. తుపాకులు, సజ్దాలో వంగిన వీపులు, కళ్ళు మాత్రమే కనిపించే ఆడవాళ్ళు. నవ్వుతున్న ముస్లిం ముసలమ్మ ఒకరు అందులో ఉంటే బాగుంటుందనుకున్నాను. అస్తిత్వం కోసం చేస్తున్నానన్నమాట! మా అమ్మీతో మాత్రం ఒక్క మాట చెప్పలేదు. చెప్పాలని తోచను కూడా లేదు.

2022 ఫిబ్రవరి. కర్ణాటకలో హిజాబ్ గొడవ ముదిరింది. చెల్లెలి కూతురు ఫోన్ పట్టుకుని వచ్చింది. "నానీ ఫొటో వచ్చింది మామూ" అంది. రెండు చోట్ల వచ్చింది. ఒకటి వాట్సాప్‌లో తిరుగుతున్న పోస్టు. అమ్మీ బొమ్మ, పైన "ఇక బీచిలు కూడా వీళ్ళవేనా?" అని. నా పేరు లేదు. ఇంకోటి ఒక అభ్యుదయ వెబ్ పత్రికలో వ్యాసం. స్త్రీల బానిసత్వం గురించి, మత సంకెళ్ళ గురించి. ఫొటోని అడ్డంగా కోశారు. అల లేదు, కాళ్ళు లేవు, చెప్పులు లేవు. నల్ల గుడ్డ, దానిలోంచి ఒక మొహం, అదీ కొంచెం చీకటి చేసి. ఆ నవ్వు ఇప్పుడు ఏడుపులా ఉంది. కింద చక్కగా నా పేరు, లైసెన్సు పేరు, అన్నీ ఉన్నాయి.

అమ్మీకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. "ఏం రాశారో చదివి చెప్పు" అంది. నేను ఆ వ్యాసాన్ని ఉర్దూలో చెప్పుకుంటూ పోయాను. ఈమె తన జీవితంలో ఏనాడూ స్వేచ్ఛగా ఊపిరి తీసుకుని ఉండదు అన్న వాక్యం దగ్గర ఆగాను. అమ్మీ, "ఇందులో ఉన్నామె ఎవరు?" అంది. తర్వాత, "నన్ను అడిగావా బేటా?" అంది. అంతే. ఇంకేమీ అనలేదు. రెండు రోజులు నాతో మామూలుగానే మాట్లాడింది, అది ఇంకా కష్టంగా ఉండింది.

ఆ పత్రిక సంపాదకుడికి ఫోన్ చేశాను. ఆయన మర్యాదస్తుడు. "మీ లైసెన్సు ప్రకారమే వాడాం కదండీ, పేరు కూడా వేశాం" అన్నాడు. నిజమే. తర్వాత, "మీరూ ప్రోగ్రెసివే కదా, బురఖాని సమర్థిస్తున్నారా?" అన్నాడు. నేను అడిగిందొకటి, ఆయన విన్నదొకటి. లౌకిక మిత్రులతో మాకు ఎప్పుడూ ఇదే చిక్కు. మా గాయం గురించి చెబితే వాళ్ళకి మా మతం గురించి వాదిస్తున్నట్టు వినిపిస్తుంది.

ఆ వాట్సాప్ వాడు దొంగ. చట్టం వాడిని పట్టుకోగలదు. పట్టుకుంటుందా లేదా అన్నది వేరు. చట్టప్రకారం నడుచుకున్న సంపాదకుడి విషయంలో నేను చేయగలిగింది ఏమీ లేదు. మా ఇంట్లో ఎక్కువ నొప్పి పెట్టింది మాత్రం రెండోదే.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1957 నాటి కాపీరైట్ చట్టంలో ఫొటోకి కర్త ఎవరయ్యా అంటే తీసినవాడు. డబ్బులిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవాళ్ళది. అందుకే పెళ్ళి ఫొటోలు స్టూడియోవాడివి కావు, మనవి. డబ్బులివ్వకుండా, అడగకుండా ఫొటోలో పడ్డ మనిషికి ఆ చట్టంలో చోటే లేదు. ఆ మనిషి కొండ లాగా, చెట్టు లాగా ఒక వస్తువు. 2012 సవరణకు ముందు ఫొటో మీద హక్కు ప్రచురించిన అరవై ఏళ్ళతో పోయేది. ఇప్పుడు తీసినవాడు చచ్చిన తర్వాత ఇంకో అరవై ఏళ్ళు ఉంటుంది. అంటే నేను పోయిన అరవై ఏళ్ళదాకా, మా అమ్మీ మొహం ఉన్న ఆ కాగితం మీద హక్కు నా వారసులది. ఎప్పుడూ ఆమెది కాదు.

మరి లైసెన్సు? ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకునేది కాదు. నేను నా పేజీలోంచి ఫొటో తీసేయగలను, తీసేశాను కూడా. అప్పటికే తీసుకున్నవాళ్ళ హక్కు పోదు. నిజానికి ఆ లైసెన్సు తయారుచేసినవాళ్ళు మోసం చేయలేదు. దాని నాలుగో రూపంలో స్పష్టంగా రాసుంది, ఫొటోలోని మనుషుల ప్రైవసీకి సంబంధించిన హక్కులు ఇందులోకి రావని. నేనే చదవలేదు. చదివినా, ప్రైవసీ అంటే ఎక్కడో అమెరికావాళ్ళ గోల అనుకునేవాణ్ణేమో.

అమెరికావాళ్ళకీ అయింది. 2007లో ఆస్ట్రేలియాలో వర్జిన్ మొబైల్ కంపెనీ తన ప్రకటనల కోసం ఫ్లికర్‌లో పెట్టిన ఫొటోలు వాడుకుంది. అందులో ఒకటి టెక్సాస్‌లోని ఒక చిన్న వయసు అమ్మాయిది. ఆమెకి తెలిసినాయన తీసి, నాలాగే స్వేచ్ఛా లైసెన్సు మీద పెట్టాడు. తనని వెక్కిరించే రాతలతో తన బొమ్మ అక్కడి బస్టాపులో ఉందని ఆమెకి ఎవరో చెబితే తెలిసింది. కుటుంబం కోర్టుకెళ్ళింది. ఆస్ట్రేలియా కంపెనీ మీద విచారించే అధికారం మాకు లేదని టెక్సాస్ ఫెడరల్ కోర్టు 2009లో కొట్టేసింది. ఇంకా పదేళ్ళకి, 2019లో, ఐబీఎం కంపెనీ ఫ్లికర్‌లోని అలాంటి లైసెన్సు ఫొటోల నుంచే పది లక్షలదాకా మొహాలు తీసుకుని, యంత్రాలకి మొహాలు గుర్తుపట్టడం నేర్పే పనికి తయారుచేసి పరిశోధకులకి ఇస్తోందని బయటపడింది. ఆ మొహాల వాళ్ళని ఎవరూ అడగలేదు. క్రియేటివ్ కామన్స్ సంస్థ అప్పుడు చెప్పిన సంజాయిషీ సారాంశం ఏమిటంటే, ప్రైవసీని కాపాడటానికి కాపీరైట్ సరైన పనిముట్టు కాదని. ఒప్పుకోవాల్సిందే. అయితే సరైన పనిముట్టు ఏది?

ఆ మొహాలు గుర్తుపట్టే యంత్రం మన వీధికి వచ్చింది కనక ఈ ప్రశ్న. 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాదు పాతబస్తీలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తని పోలీసులు ఆపారు. మాస్కు తీయమన్నారు. ఆయన తీయనన్నాడు. అయినా ఫొటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారు, దాన్నేం చేస్తారు అని ఆయన నోటీసు పంపి, హైకోర్టుకెళ్ళాడు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. మసూద్ అడిగింది మా అమ్మీ అడిగిన ప్రశ్నే, కోర్టు భాషలో. ఈ యంత్రం కూడా కొత్తదేం కాదు. 1868 నుంచి 1875 దాకా ఇంగ్లీషువాళ్ళు 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు వేశారు, జాతి జాతికీ కులం కులానికీ ఫొటో, కింద వాడి స్వభావం. తర్వాత మన మద్రాసు రాష్ట్రంలో థర్‌స్టన్ దొర తలలు, ముక్కులు కొలిచి 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. దూదేకులవాళ్ళూ ఉన్నారందులో. బొమ్మ మనది, దాని కింద రాత వాళ్ళది. నేను అమ్మీకి చదివి వినిపించిన వ్యాసం ఆ వరసలోదే, ఉద్దేశం ఎంత మంచిదైనా.

ఇంకో పాత సంగతి. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో పెట్టాడు. పర్దా స్త్రీల కోసం. చుట్టూ ఎత్తు గోడలు, లోపల మగవాడు లేడు, ఫొటో తీసేది కూడా కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. మనం పర్దా అంటే ఫొటోకి శత్రువు అనుకుంటాం. ఆ ఆడవాళ్ళకి ఫొటో కావాలి, షోకు ఉంది. ఎవరు తీయాలి, ఎవరు చూడాలి అన్నది మాత్రం తమ చేతిలో ఉండాలి. వాళ్ళు నవాబుల ఇళ్ళవాళ్ళు, డబ్బుంది కనక గోడలు లేచాయి, అది కూడా గుర్తుంచుకోవాలి. మా వైజాగులో గోషా అన్న మాట ఒక ఆసుపత్రి పేరులో మిగిలింది. నేను ఆ ఘోషాసుపత్రిలోనే పుట్టాను. పేదింటి ఆడవాళ్ళకి ఆ మర్యాద కాన్పుకి మాత్రమే దొరికేది.

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఓటర్ల జాబితాలో గోషా స్త్రీల ఫొటోలు వేయొద్దని మధురైకి చెందిన ఒకాయన మద్రాసు హైకోర్టుకి వెళ్తే 2006లో కొట్టేశారు. ఆ కేసు 2010లో సుప్రీంకోర్టులో విచారణకొచ్చినప్పుడు కూడా, అంత అభ్యంతరమైతే ఓటే వేయకండి అన్నట్టు మాట్లాడారు. మా మిత్రులందరం నవ్వుకున్నాం, ముల్లాల చాదస్తం అని. ఫొటో లేకుండా ఓటరు కార్డు ఎలా కుదురుతుంది అన్నది సరైన ప్రశ్నే. కానీ ఆ జాబితా అచ్చయి ఊళ్ళోని ప్రతి పార్టీ ఏజెంటు చేతికీ పోతుంది కదా అన్న వాదన కూడా అందులో ఉంది. మతం మాటల్లో చెప్పారు కనక మాకు వినపడలేదు. 2021 జూలైలో ఒక యాప్, 2022 జనవరి 1న ఇంకో యాప్, సోషల్ మీడియాలోంచి ముస్లిం స్త్రీల ఫొటోలు తీసుకుని వేలం పెట్టాయి. జర్నలిస్టులు, పైలట్లు, విద్యార్థినులు. రెండోదానిలో హైదరాబాదుకి చెందిన అరవై దాటిన ఒక ఉద్యమకారిణి కూడా ఉన్నారు. అప్పుడు మా నవ్వు ఆగిపోయింది.

అలాగని దేవ్‌బంద్ వాళ్ళు 2017లో చెప్పినట్టు, ఫొటోలు నెట్‌లో పెట్టడమే తగదు అంటే నేను ఒప్పుకోను. దొంగ వచ్చాడని ఇంటివాళ్ళని ఊరు వదిలి పొమ్మనటం అది. ఆ యాప్‌లకి కావలసింది కూడా అదే, ముస్లిం స్త్రీ మాయమైపోవాలని.

తస్వీర్ హరామా హలాలా అని మనవాళ్ళు వందేళ్ళు కొట్టుకున్నారు. ఈజిప్టులో మహమ్మద్ బఖీత్ అనే ముఫ్తీ, కెమెరా బొమ్మని సృష్టించదు, పడిన నీడని పట్టి ఉంచుతుందంతే, కాబట్టి తప్పులేదు అని రాశాడు. ఉర్దూలో ఫొటోకి అక్స్ అంటాం, ప్రతిబింబం. సరే, ప్రతిబింబమే అనుకుందాం. అద్దంలో పడ్డ బొమ్మ ఎవరిది? అద్దం పట్టుకున్నవాడిదా, ఎదురుగా నిలబడినవాళ్ళదా? మన పండితులు తీయవచ్చా అన్నదాన్ని అన్నేళ్ళు తవ్వారు. తీశాక అది ఎవరిది అన్నదాన్ని వదిలేశారు. నిజానికి దారి పక్కనే ఉంది. సూరె నూర్‌లో, ఇతరుల ఇళ్ళలోకి సలాం చెప్పి అనుమతి అడగకుండా పోవద్దని, వెళ్ళిపొమ్మంటే వెనక్కి తిరిగి రమ్మని ఉంది. మొహం ఇల్లు కాదా? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పినప్పుడు నేను పత్రికలో పొంగిపోయి రాశాను. అప్పటికి ఏడాదిగా అమ్మీ ఫొటో నెట్‌లో ఉంది.

అయితే ప్రతిదానికీ ముందే అడగాలి అని సూత్రం పెట్టేద్దామా? ఇక్కడే నాకు కాలు పడదు. 2002 మార్చిలో అహ్మదాబాదులో చేతులు జోడించి, కళ్ళనిండా నీళ్ళతో ప్రాణాలు అడుగుతున్న దర్జీ కుతుబుద్దీన్ అన్సారీని రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ ఆర్కో దత్తా అడిగి తీయలేదు. అడిగి తీసే క్షణం కాదది. ఆ ఫొటో లేకపోతే గుజరాత్ అన్న మాట ఇన్ని గుండెల్లోకి దిగేది కాదు. కానీ ఆ తర్వాత అన్సారీ ఎక్కడికెళ్ళినా ఆ మొహం ముందు వెళ్ళింది. మాలేగావ్ వెళ్ళాడు, కలకత్తా వెళ్ళాడు, తిరిగొచ్చాడు. పార్టీలు ఆయన్ని పోస్టర్ చేశాయి. నన్ను వదిలేయండి అని ఆయన ఎన్నోసార్లు అడిగాడు. మన సభల్లో ఆ ఫొటోని బ్యానర్ మీద పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆయన్ని కాపాడుతున్నామనుకున్నాం.

2020 మే 7 తెల్లవారుజామున మా ఊళ్ళో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ గ్యాసు లీకైంది. ఆర్.ఆర్. వెంకటాపురం వీధుల్లో నడుస్తూ నడుస్తూ కూలిపోతున్న మనుషుల వీడియోలు గంటలో దేశమంతా చూసింది. పన్నెండుమంది పోయారు. ఒంటిమీద బట్ట సరిగా లేని స్థితిలో పడి ఉన్న ఆడవాళ్ళు, తండ్రుల చేతుల్లో తలలు వాలేసిన పిల్లలు. నేనూ పంపాను, పదిమందికి. పంపకపోతే అదొక చిన్న లీకేజీ అయిపోయి ఉండేదేమో. పంపినందుకు ఆ ఆడవాళ్ళ మొహాలు ఇవాళ్టికీ వెతికితే దొరుకుతాయి. రెండూ నిజం. కంపెనీ మీద నేరం చూపటానికి కూలిపోయిన వీధి చాలు, ఆమె మొహం అక్కర్లేదు అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ గంటలో మాత్రం అనిపించలేదు.

అందుకే నాకు సొత్తు అన్న మాట కన్నా, అనుమతి అన్న మాట కన్నా, మన పెద్దలు వాడే అమానత్ అన్న మాట దగ్గరగా ఉంది. ఎవరో నమ్మి దాచమని ఇచ్చింది. అమానత్‌లో వస్తువు నీ దగ్గరుంటుంది, నీది కాదు. వాడొచ్చి అడిగితే లెక్క చెప్పాలి. అన్సారీ ఫొటో ఆ క్షణంలో ఆయన ఇవ్వకపోయినా, ఇరవై ఏళ్ళ తర్వాత ఆపండి అంటే ఆపటం అమానత్. చిక్కేమిటంటే, నెట్‌లో వేసినదాన్ని నేను ఎలా తిరిగి ఇస్తాను? తిరిగి ఇవ్వలేనిదాన్ని తీసుకునేటప్పుడు, ఎవరికైనా ఇచ్చేటప్పుడు, చెయ్యి ఇంకొంచెం ఆలస్యంగా కదలాలి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. మనిషి తనకు తానుగా బయటపెట్టుకున్న సమాచారానికి, సొంత ఇంటి అవసరానికి వాడుకునేదానికి అది వర్తించదు. అమ్మీ తనకు తాను పెట్టుకోలేదు, కొడుకు పెట్టాడు. కొడుకు పెట్టింది ఇంటి అవసరమా? ఆ మాట పట్టుకుని వకీళ్ళు ఏళ్ళు బతకొచ్చు.

మొన్న చలికాలంలో మళ్ళీ యారాడ వెళ్ళాను. ఈసారి కెమెరా సంచిలోంచి తీయకుండా కాసేపు కూర్చున్నాను. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన, "ఫొటోలు తియ్యరేటి బాబూ?" అన్నాడు. తీయనా అంటే, "మా బొమ్మలు అట్టుకెల్లి ఏటి సేత్తారు మీరు?" అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకుందామని. గాజువాక వైపు ఒక హోటల్లో గోడమీద వాళ్ళ నాన్న వల లాగుతున్న బొమ్మ పెద్దది చూశాడట. "టీ తాగి డబ్బులిచ్చి వచ్చీసినాను. ఆయన మా నాన్నే అని సెప్పనేదు. నమ్మరు కదా." ఇంట్లో ఆ నాన్న ఫొటో ఒక్కటీ లేదట. ఆ హోటలు ఎక్కడో గుర్తులు చెప్పించుకుని వెళ్ళాను. రెండు రోజులు తిరిగినా దొరకలేదు. గోడకి కొత్త రంగులేసి ఉంటారు.

ఇప్పుడు ఆదివారాలు అమ్మీని పక్కన కూర్చోబెట్టుకుని పాత హార్డ్ డిస్కులు తెరుస్తున్నాను. ఒక్కొక్క ఫొటో చూపిస్తే ఆమె చెబుతుంది. ఇది ఉంచు. ఇది తీసేయ్. ఇందులో హమీదా కూతురుంది, ఆ పిల్లని అడుగు. దర్గా కొండ ఉర్సులో ఫకీర్లవి ఓ నలభై ఉన్నాయి, వాళ్ళనెక్కడ పట్టుకుంటావు, ఎవరికీ ఇవ్వకు. సముద్రంలో తను నవ్వుతున్న ఆ ఫొటో వచ్చినప్పుడు చాలాసేపు చూసింది. "బాగానే తీశావు" అంది. అచ్చు వేయించి తెమ్మంది. నమాజు చేసుకునే గదిలో కాకుండా వంటింటి తలుపు పక్కన పెట్టించుకుంది. ఈ వ్యాసంలో తన సంగతి రాయొచ్చా అని అడిగాను. రాయి అంది. ఫొటో వేయొచ్చా అంటే తల అడ్డంగా ఊపింది.